రికార్డులో గడ్డపెరుగు, ఫోన్‌లో పలచని మజ్జిగ. ఇది నా భ్రమేనా?

గవర్నర్‌పేట_గిరి
నాన్నగారు పోయాక మొన్న అటక సర్దుతుంటే రేకు పెట్టెలో రికార్డులు బయటపడ్డాయి. ఎల్పీలు, అంటే పెద్ద ప్లేట్లు 31, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్నవి ఓ పాతిక. ఘంటసాల, సుశీల, బాలమురళి, నడుమ రెండు హిందీవి. ప్లేయర్ కూడా ఉంది. మా పెదనాన్నగారబ్బాయి ఎప్పుడో బయట దేశం నుంచి తెచ్చాడు. పిన్ను దొరక్క ముప్పై ఏళ్ళుగా దుప్పటి కప్పుకుని పడుకుంది. కొత్త కార్ట్రిడ్జ్ (పిన్ను బిగించి ఉండే ముక్క), కొత్త బెల్టు, సెకండ్ హ్యాండ్ యాంప్లిఫయరు, చెక్క స్పీకర్లు, అన్నీ కలిపి 22 వేలు వదిలాయి.

నెల రోజులుగా రాత్రి భోజనాలయ్యాక ఒక వైపు వినడం అలవాటైంది. అదే ఘంటసాల పాట ఫోన్‌లో పెడితే పలచని మజ్జిగ, రికార్డులో వింటే గడ్డపెరుగు. గొంతు బరువుగా, గంభీరంగా, ఎక్కడా తొందర లేకుండా వస్తుంది. ఒక్కో అక్షరం కాసేపు కూర్చుని వెళ్తున్నట్టు ఉంటుంది.

మా ఆవిడ మాత్రం "ఆయనకి జలుబు చేసినట్టుంది కదండీ" అంది. మా బావమరిది సాఫ్ట్‌వేరు. వాడు "బావా, అది నోస్టాల్జియా, ఇంకేం లేదు" అని నవ్వాడు. నిజంగా రికార్డులో ఉన్నది ఫోన్‌లో లేదా? లేక 22 వేలు పెట్టాను కాబట్టి బావుందనిపిస్తోందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఇంట్లో పరువు సమస్య అయిపోయింది.

పిన్నుపోటు
ఉంది, నూటికి నూరు పాళ్ళూ ఉంది. డిజిటల్ అంటే శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి మళ్ళీ అతికించడం. ఎంత బాగా అతికించినా కుట్లు కనపడతాయి. మీ చెవులు కరెక్టు. మీ బావమరిది చెవులు ఇయర్‌ఫోన్లు పెట్టీ పెట్టీ మొద్దుబారి ఉంటాయి.

సున్నాఒకటి
మొదలైంది. ఈ కోసి అతికించే కథ ఎన్నాళ్ళు చెబుతారండీ? 1982లో వచ్చిన సీడీలోనే సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. అలా కొలిస్తే అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ లోపు ఉన్నదంతా తిరిగి రాబట్టొచ్చు. మెట్లు మెట్లుగా కాదు, బయటికొచ్చేది నున్నటి తరంగమే. ఈ చర్చలో ఉన్న సగం మందికి 15 వేలు దాటితే వినపడను కూడా వినపడదు. అతి చిన్న చప్పుడుకీ పెద్ద చప్పుడుకీ మధ్య సీడీలో 96 డెసిబెళ్ళ ఎడం ఉంటుంది. ఎల్పీ ఎంత బాగున్నా 70 దాకా వస్తే గొప్ప.

పిన్నుపోటు
పాటలున్నది లెక్కలు కట్టడానికి కాదు బాబూ.

కృష్ణలంక_కుర్రోడు
మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

లబ్బీపేట_లత
ముందు నా సందేహం తీర్చండి. గిరిగారూ, ఫోన్‌లో అంటే ఎక్కడ విన్నారు? యూట్యూబా? ఎందులోంచి వినిపించారు?

ఎందుకంటే యూట్యూబులో పాత తెలుగు పాటలు సగం ఎవరో క్యాసెట్టు నుంచి ఎక్కించినవే. మోనో పాటని బలవంతంగా స్టీరియో చేసి, దానికి ఎకో తగిలించి, మధ్యలో ఛానెల్ పేరు చదివిస్తారు. కంపెనీవాళ్ళు పెట్టినవి కూడా కొన్ని అంతంతే. గరగర తీసేస్తామని మొదలుపెట్టి గొంతులో ఉన్న గాలి కూడా తీసేస్తారు. ఊపిరి వినపడని మనిషి పాడినట్టు ఉంటుంది. అది డిజిటల్ తప్పు కాదు, కత్తి పట్టుకున్నవాడి తప్పు.

గవర్నర్‌పేట_గిరి
యూట్యూబే. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో టీవీ కింద సౌండ్‌బార్‌కి.

లబ్బీపేట_లత
రికార్డేమో చెక్క స్పీకర్లలో! మరి మీరు పోల్చింది రికార్డునీ డిజిటల్‌నీ కాదు కదండీ. ఆవకాయని కొత్త జాడీలో పెట్టి, మాగాయని పాత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఏది బావుందని అడుగుతున్నారు. ఫోన్‌ని కూడా వైరుతో అదే యాంప్లిఫయరుకి కలపండి. రెండిటి వాల్యూమూ సమానంగా పెట్టండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా అదే బావుందనిపిస్తుంది మనిషికి.

బ్రాడీపేట్_బాబు
గిరిగారూ, ప్లేయర్ వైర్లు యాంప్లిఫయరులో ఫోనో అని రాసి ఉన్న చోటే పెట్టారా? నేను మొదటిసారి ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌లో పెట్టి దోమ పాడుతున్నట్టు వింటే కార్ట్రిడ్జ్ పోయిందనుకున్నా.

కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే, దాన్ని పెంచాలి. ఒక్క పెంచడమే కాదు. రికార్డు కోసేటప్పుడే కింది స్వరాలు తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. తగ్గించకపోతే బేస్‌కి గాడి వెడల్పైపోయి ఒక వైపు పది నిమిషాలు కూడా పట్టదు. ఫోనో స్టేజీ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954లో రియా (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పేరుతో అందరూ ఒకే కొలత పెట్టుకున్నారు. అంటే మీరు "సహజం, సహజం" అంటున్న రికార్డు శబ్దం కూడా ఒకసారి వంచి మళ్ళీ నిటారు చేసినదే.

గవర్నర్‌పేట_గిరి
ఫోనోలోనే పెట్టాను బాబుగారూ. లతగారు చెప్పినట్టు ఫోన్‌ని కూడా అదే యాంప్లిఫయరుకి తగిలించి ఇప్పుడే విన్నా. ఫోన్ చాలా మెరుగుపడింది, ఒప్పుకుంటా. కానీ ఆ బరువు లేదు. ఆ నిదానం లేదు. రికార్డే రికార్డు.

పిన్నుపోటు
చెప్పానా!

మైకుసెట్_మస్తాన్
మా నాన్న తెనాలి పక్కన మైకు సెట్టు నడిపేవాడు. పెళ్ళికి రెండు బూరలు, ఒక యాంప్లిఫయరు, ఒక ప్లేయరు, లారీ బ్యాటరీ. తెల్లారుజామున నాలుగింటికే చెట్టుకి బూర కట్టి దేవుడి పాట వేస్తే పక్కూరోళ్ళకి కూడా తెలిసేది పెళ్ళని. వాటిని రికార్డులని కూడా అనేవాళ్ళు కాదు, ప్లేట్లు. "ఒరే మస్తానూ, ప్లేటు తిప్పెయ్" అంటే రెండో వైపు వెయ్యమని.

పిన్ను జారిపోతుంటే నాన్న టోన్‌ఆర్మ్ మీద, అంటే పిన్నుని మోసే కడ్డీ మీద, ఐదు పైసల బిళ్ళ పెట్టేవాడు. అప్పటికీ జారితే ఇంకో బిళ్ళ. మంచి కార్ట్రిడ్జికి రెండు గ్రాముల బరువు చాలు. మేం పెట్టిన బరువుకి రెండు పెళ్ళిళ్ళ సీజన్లలో ప్లేటు గరగరమనేది. ఇప్పుడు పాత సామాన్ల బండ్ల మీద దొరికే రికార్డుల్లో చాలా భాగం మా నాన్నలాంటోళ్ళ చేతులు దాటొచ్చినవే. వెలుతురులో వాలుగా పట్టుకు చూడండి. నల్లగా మెరవాల్సిన గాడి బూడిద రంగులో కనపడితే ఎంత తక్కువకిచ్చినా కొనమాకండి. అందులో పాట అరిగిపోయింది, సబ్బు పెట్టి కడిగినా రాదు.

ఇంకో సంగతి. ప్లేటు అంచున ఉన్న పాట ఎప్పుడూ బావుంటుంది, లోపల లేబుల్ పక్కనున్న పాట మందంగా ఉంటుంది. అది అరుగుదల ఒక్కటే కాదు. తిరిగే చుట్లు అన్నే, కానీ లోపల చుట్టు చిన్నది. బయట సెకనుకి యాభై సెంటీమీటర్ల గాడి పిన్ను కింద నడిస్తే లోపల ఇరవై చిల్లరే నడుస్తుంది. అదే పాటని సగం కాగితంలో రాసినట్టు.

కృష్ణలంక_కుర్రోడు
మస్తాన్ బాబాయ్, ఐదు పైసల బిళ్ళ మీద ఒక పోస్టు విడిగా పెట్టొచ్చు నువ్వు.

బ్రాడీపేట్_బాబు
నా సంగతి వేరు. 80లలో గుంటూరులో రికార్డింగ్ సెంటర్‌కి పోయి పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు చేతిలో పెట్టి, వారం తర్వాత తెచ్చుకున్నవాణ్ణి. షాపువాడు ఎల్పీ నుంచే ఎక్కించేవాడు. నాకు అసలైన సౌండంటే వెనకాల ఆ టేపు "స్స్స్" ఉండాల్సిందే. అది లేకపోతే పాట ఏసీ రూములో పాడినట్టుంటుంది.

శ్రుతిపెట్టె
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. వయొలిన్ టీచర్ని, సత్యనారాయణపురం. కరెంటు సంగతులు నాకు తెలియవు. కానీ గిరిగారి మాటలు మళ్ళీ చదవండి. "బరువుగా", "తొందర లేకుండా", "అక్షరం కూర్చుని వెళ్తున్నట్టు". వాళ్ళావిడగారు "జలుబు" అన్నారు. నాకు రెండు మాటలూ ఒకటే చెబుతున్నాయి.

గిరిగారూ, ఫోన్‌లో తంబూరా యాప్ దించుకోండి. పాట ఫోన్‌లో ఏ శ్రుతిలో ఉందో, రికార్డులో ఏ శ్రుతిలో ఉందో చూడండి. అలాగే సుశీలగారి రికార్డు ఒకటి వేసి, ఆమె గొంతు ఎలా ఉందో నిజం చెప్పండి.

గవర్నర్‌పేట_గిరి
సుశీలగారివి తక్కువ విన్నాను మేడమ్. ఎందుకో కాస్త పెద్దావిడ గొంతులా ఉందనిపించి పక్కన పెట్టాను. రికార్డు పాతదైతే అలాగే ఉంటుందేమోననుకున్నా.

సున్నాఒకటి
ఆహా.

శ్రుతిపెట్టె
రికార్డు ముసలిదైతే గొంతుకి ముసలితనం రాదండీ. శ్రుతి చూడండి.

గవర్నర్‌పేట_గిరి
చూశాను. ఫోన్‌లో ఒకటో శ్రుతి. రికార్డులో కింది ఆరో శ్రుతి చూపిస్తోంది, నిజానికి ఇంకా ఒక వెంట్రుకవాసి కిందే. నాకు సంగీతం రాదు, యాప్ చెప్పింది రాస్తున్నా. పనిలో పనిగా పాట నిడివి కూడా చూశా. ఫోన్‌లో 3 నిమిషాల 20 సెకన్లు. రికార్డులో గడియారం పెట్టుకుంటే 4 నిమిషాలు.

పిన్నుపోటు
ఇందులో వింతేముంది? సినిమాలో పాట వేరు, రికార్డుకి పాడిన పాట వేరు ఉండేవి ఆ రోజుల్లో. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది కాబట్టి చరణాలు కోసేవాళ్ళు. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది.

శ్రుతిపెట్టె
చరణం తగ్గితే నిడివి తగ్గుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలు ఎందుకు దిగుతుందండీ? అదీ నిడివి పెరిగినంత మేర కొలిచినట్టు? గాయకుడు, వయొలిన్లు, తబలా అందరూ కలిసి దిగారంటే దిగింది వాళ్ళు కాదు.

మా గురువుగారు పున్నమ్మతోట ఆకాశవాణిలో వాయించేవారు. ఏ రికార్డు పెట్టినా ముందు వేలితో తొడ మీద షడ్జమం పట్టి చూసి, "స్పీడు సరిచెయ్యవయ్యా" అని ఆ తర్వాతే వినేవారు. నాకు ఆ జబ్బు అంటింది.

రిటైర్డ్_ఏఈ
గిరిగారూ, ప్లేయర్ వెనక చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. దాని మీద ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు రాయండి.

గవర్నర్‌పేట_గిరి
117 వోల్టులు, 60 సైకిల్స్, 12 వాట్లు. అమెరికాది సార్. అందుకే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టాను, నేరుగా పెట్టలేదు.

రిటైర్డ్_ఏఈ
దొరికింది దొంగ. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది. సైకిల్స్‌ని ముట్టుకోదు. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనకి 50 సార్లు. మీ ప్లేయర్లో ఉన్నది సింక్రనస్ మోటారు. కరెంటు ఎన్నిసార్లు ఊగితే దానికి తగ్గట్టే తిరుగుతుంది, వోల్టేజీతో దానికి పనిలేదు. 60కి చేసిన మోటారుని 50 మీద తిప్పితే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. 33⅓ తిరగాల్సిన పళ్ళెం 27.8 తిరుగుతోంది. మీ 3 నిమిషాల 20 సెకన్ల పాట 4 నిమిషాలు అయిందంటే లెక్క చిల్లుపైసాతో సహా సరిపోయింది.

నిర్ధారణ కావాలంటే లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అతికించి మూడు నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. సరైన వేగమైతే 100 రావాలి. మీకు 83 వస్తాయి.

ఇంకో మాట. అలాంటి మోటారు మన కరెంటు మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అరగంట తిరిగాక కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆపేయండి.

గవర్నర్‌పేట_గిరి
ఇప్పుడే చేశాం. మా ఆవిడ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుంది, నేను నేల మీద బాసింపట్టు వేసుకుని చుట్లు లెక్కపెట్టా. నలభై దగ్గర కుక్కర్ విజిల్ వేస్తే లెక్క తప్పింది. మళ్ళీ మొదలు. రెండోసారి ఆవిడ "టైం" అనేసరికి నా నోట్లో 83 ఉంది. 84 సగంలో ఉంది.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే అంది, "జలుబని నేను మొదటి రోజే చెప్పాను".

కృష్ణలంక_కుర్రోడు
అమ్మగారికి ఒక సీటు వెయ్యండి ఇక్కడ.

సున్నాఒకటి
నెల రోజులు స్లో మోషన్‌లో విని దాన్ని అనలాగ్ మాధుర్యం అన్నారు. పిన్నుపోటుగారు కుట్లు కనపడతాయన్నారు. అన్నా, ఏవి కుట్లు?

పిన్నుపోటు
గేలి చెయ్యడం సులభం. ఆయన మిషను లోపానికి రికార్డుల జాతి మొత్తం ఉరికంబం ఎక్కాలా? స్పీడు సరిచేశాక మాట్లాడదాం.

గవర్నర్‌పేట_గిరి
నాకు నిజంగానే బాధేసింది. నవ్వండి పర్లేదు. ఆ నిదానంలో నాన్నగారు కుర్చీలో కూర్చుని వింటున్నట్టు అనిపించేది. సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. ఒకాయన మోటారు పుల్లీకి సెల్లోటేపు చుట్టమన్నాడు.

రిటైర్డ్_ఏఈ
టేపు వద్దు. జిగురు కారి బెల్టు పాడవుతుంది, అతుకు దగ్గర ప్రతి చుట్టుకీ పాట ఊగుతుంది. పుల్లీ మార్చండి. అసలు పుల్లీ కొలిచి, దానికి ఐదో వంతు లావుగా ఇత్తడితో చేయిస్తే సరిపోతుంది. ఆటోనగర్‌లో లేత్‌లకి కొదవా?

బ్రాడీపేట్_బాబు
గిరిగారు ఆటోనగర్ వెళ్ళొచ్చేలోగా నా తప్పులు కూడా రాస్తా, ఆయనకి తోడుగా.

మా మామగారింట్లో 78లు పన్నెండు దొరికాయి. దుమ్ముగా ఉన్నాయని చేతులకి రాసుకునే శానిటైజరుతో తుడిచా. గుడ్డంతా కాఫీ రంగు! రెండు తుడిచాక గాని బుర్ర వెలగలేదు. 78లు చేసింది లక్కతో, లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. నేను దుమ్ము తుడవలేదు, పాట తుడిచా. వాటికి మంచినీళ్ళు, ఒక్క చుక్క గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్షు. లేబుల్ తడవకూడదు.

రెండోది, మే నెలలో కారు వెనక సీట్లో ఎల్పీ పెట్టి శంకర్ విలాస్ సెంటర్లో కాఫీ తాగొచ్చేసరికి అప్పడం అయింది. పాట వెయ్యడానికి పనికి రాదు, మా పాప దానితో మొక్క కుండీకి పళ్ళెం చేసింది. మన ఎండలకి రికార్డులు నిలువుగా పేర్చాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు.

మైకుసెట్_మస్తాన్
శానిటైజరా బాబూ! మా నాన్న బిళ్ళే నయం.

లబ్బీపేట_లత
ఊరికే ఒక చిత్రం. మొదటి ఎల్పీ వచ్చింది 1948లో, అమెరికాలో కొలంబియావాళ్ళు తెచ్చారు. విజయవాడ రేడియో స్టేషన్ మొదలైందీ అదే ఏడు డిసెంబరు 1న. మా నాయనమ్మకి మాత్రం ఎల్పీలతో పనే లేదు. ఆవిడ పాటలన్నీ రేడియోలోవే, డబ్బు ఖర్చు లేకుండా.

గవర్నర్‌పేట_గిరి
తొమ్మిది రోజులైంది, ఇప్పుడు చెబుతా.

ఆటోనగర్‌లో ఒకాయన లారీ బుష్షులు చేస్తాడు. నా పుల్లీ అరచేతిలో పెట్టుకుని "ఏంది సార్ ఇది, ముక్కుపుడక తెచ్చారు" అన్నాడు. వెర్నియర్‌తో కొలిచాడు, 10 మిల్లీమీటర్లు. నేను 12 చెయ్యమన్నా. గంటసేపు పట్టింది. మధ్య ఉబ్బెత్తుగా, అంచులు వాలుగా ఉండాలి, లేకపోతే బెల్టు జారుతుందని నేను చెప్పకుండానే పాతదాన్ని చూసి పట్టేశాడు. ఇంటికొచ్చి బిగించి లెక్కపెడితే మూడు నిమిషాలకి 99.

మర్నాడు మళ్ళీ వెళ్ళా. "ఒక్క చుట్టు తగ్గింది" అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "లారీకి కూడా ఇంత పట్టింపు లేదు సార్" అన్నాడు. ఏఈగారూ, 10కి ఐదో వంతు కలిపితే 12 కదా, మరి 99 ఎందుకొచ్చింది?

రిటైర్డ్_ఏఈ
తప్పు నాది, బెల్టు మందం మరిచాను. బెల్టు పుల్లీ మీద చుట్టుకున్నప్పుడు దాని మందం కూడా లెక్కలోకొస్తుంది. బెల్టు 0.6 మిల్లీమీటర్లు ఉంటుందనుకోండి. 10.6కి ఐదో వంతు కలపాలి, 12.7 వస్తుంది, అందులోంచి బెల్టు తీసేస్తే 12.1. ఆ మిల్లీమీటరులో పదో వంతే మీ ఒక్క చుట్టు.

గవర్నర్‌పేట_గిరి
12.1కే కుదిరింది సార్. రెండో పుల్లీ ఉత్తినే చేసి ఇచ్చాడు, మొదటిదానికి 350 తీసుకున్నాడు. ఇప్పుడు 100. సుశీలగారికి వయసు తగ్గింది. ఆదివారం ఎవరైనా రండి, అందరం కలిసి విందాం.

సున్నాఒకటి
ఆదివారం నేను, పిన్నుపోటుగారు, వయొలిన్ మేడమ్ వెళ్ళాం. మస్తాన్ గారు తెనాలి నుంచి బండి మీద వచ్చారు. పెసరట్టు ఉప్మా పెట్టారు గిరిగారింట్లో, ముందు అది రికార్డు చెయ్యాలి.

కంపెనీవాళ్ళు పెట్టిన డిజిటల్ పాటకీ రికార్డుకీ కళ్ళు మూసుకుని పోటీ పెడదామనుకున్నాం. కుదరలేదు. రికార్డు అనగానే టిక్కు టిక్కుమని దొరికిపోతుంది. అందుకని ఇంకో పని చేశా. ఆ పాత యాంప్లిఫయరుకి టేప్ మానిటర్ అని ఒక బటన్ ఉంది. రికార్డు సిగ్నల్‌ని అక్కణ్ణుంచి బయటికి తీసి, నా ల్యాప్‌టాప్‌లో సీడీ ప్రమాణానికి, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లకి మార్చి, మళ్ళీ లోపలికి పంపించా. బటన్ బయట ఉంటే నేరుగా రికార్డు. నొక్కితే అదే రికార్డు డిజిటల్ గుండా తిరిగొస్తుంది. టిక్కులతో సహా అంతా ఒకటే. వాల్యూమ్ సమానం చేసి, మార్చేటప్పుడు తగ్గించి, తలో 12 సార్లు అడిగా.

గిరిగారు 7 కరెక్టు. మేడమ్ 6. మస్తాన్ గారు 6. పిన్నుపోటుగారు 5.

2007లో బోస్టన్‌లో ఇద్దరు ఇలాంటిదే పెద్ద ఎత్తున చేశారు. ఖరీదైన హై రిజల్యూషన్ డిస్కుల్ని నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి దించి ఒకసారి వినిపించారు. 554 సార్లలో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2022లో ఇంకోటి బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ ఎల్పీలు నేరుగా అసలు టేపు నుంచి చేసినవని జనం వేలు పోసి కొనుక్కున్నారు, వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ ఉంది. అప్పటిదాకా "అనలాగంటే ఇదీ" అని మెచ్చుకున్నవాళ్ళకి చెవితో తెలియలేదు.

పిన్నుపోటు
చెవుల పరీక్ష పెట్టి, మీద నలుగురు కూర్చుని చూస్తుంటే పాట ఎవరికి ఎక్కుతుంది? పెళ్ళిచూపుల్లో పాడమన్నట్టుంది. ఆ టెన్షన్‌లో 5 వచ్చాయి, ఒప్పుకుంటా. అయితే ఒకటి అడుగుతా, సున్నా తమ్ముడూ. తర్వాత మధ్యాహ్నం పరీక్షలన్నీ అయిపోయాక, అదే ఘంటసాల పాట కంపెనీ డిజిటల్‌లోనూ రికార్డులోనూ వేస్తే నలుగురం ఏది బావుందన్నాం?

సున్నాఒకటి
రికార్డు. నేను కూడా. అబద్ధమెందుకు? డిజిటల్‌లో గరగర తీసేయబోయి మేడమ్ అన్నట్టు వయొలిన్ కమాను రాపిడి కూడా తుడిచేశారు. పైగా వాల్యూమంతా ఒకే ఎత్తుకి లేపారు. కానీ నేను ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్న రికార్డు కూడా అంతే బావుంది కదా. బావున్నది ఆ పాతకాలం కోత, ప్లాస్టిక్ కాదు.

పిన్నుపోటు
ఆ కోత ఎక్కడ దొరికింది? ప్లాస్టిక్‌లోనే కదా. నాకు అది చాలు.

శ్రుతిపెట్టె
మీరిద్దరూ గిరిగారింట్లో కూడా ఇదే, ఇక్కడా ఇదే. పెసరట్టు చల్లారిపోయింది ఆ రోజు మీవల్ల.

కృష్ణలంక_కుర్రోడు
ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్కించినవి కాస్త పంపండి అన్నా. నాకు ప్లేయరూ లేదు, ఆటోనగర్ వెళ్ళే ఓపికా లేదు.

గవర్నర్‌పేట_గిరి
అసలు తీర్పు నిన్న వచ్చింది. మా అమ్మ చెల్లెలింటి నుంచి నెల తర్వాత తిరిగొచ్చింది. 81 ఏళ్ళు, వినికిడి కాస్త తక్కువ. వెళ్ళేముందు పాత స్పీడులో రెండు రోజులు విన్నది. నిన్న రాత్రి సరైన స్పీడులో అదే పాట వేసి, పుల్లీ కథ అంతా చెప్పి, ఎలా ఉందమ్మా అని అడిగా. ఒక చరణం విని, "ఏమిట్రా, అంత పరుగు? మొన్నే బావుంది, మాటలు అందేవి" అంది.

మైకుసెట్_మస్తాన్
పాత పుల్లీ పారేశారా?

గవర్నర్‌పేట_గిరి
లేదు, పోపుల డబ్బా పక్కన ఉంది. మార్చడానికి రెండు నిమిషాలే పడుతుంది.